కుండీని తిరగేసి చూపించరేం?

మ్యూజియంలో పూలకుండీ పెట్టారంటే ఎప్పుడూ నిటారుగానే నిలబెడతారు. నా గొడవంతా అదే. మొక్కలు పెంచే అలవాటు వల్ల నాకు ఏ కుండీ కనబడినా కళ్ళు ముందు అడుగుకే పోతాయి. నీళ్ళు పోయే కన్నాలు ఎన్ని, ఎక్కడ?

అమెరికా కేంబ్రిడ్జిలో హార్వర్డ్ ఆర్ట్ మ్యూజియమ్స్‌కి వెళ్తే (2023 నుంచి అందరికీ ప్రవేశం ఉచితం, చూసిందే మళ్ళీ చూసినా దండగన్న బెంగ లేదు) నేను ముందు వెతికేది జున్ అనే రకం చైనా పూలకుండీలు బయట పెట్టారా అని. డేన్ దంపతుల సేకరణగా 1942లో అక్కడికి చేరినవి. ఇవి స్టోన్‌వేర్, అంటే నీరు పీల్చనంత గట్టిగా కాలిన మట్టి. పింగాణీలా పల్చగా, తెల్లగా ఉండదు. మందంగా, బరువుగా ఉంటుందని చూస్తేనే తెలుస్తుంది.

జనం ఆగేది రంగు చూసి. ఆగాల్సిందే మరి! బయటంతా ఊదా, లోపల లేత నీలం, అంచుల దగ్గర పూత జారిపోయి గోధుమ రంగు తొంగిచూస్తూ. ఊదా రాగి వల్ల వచ్చింది. నీలం మాత్రం చాలావరకు రంగు పొడి చలవ కాదు. కొలిమిలో పూత కరిగి గాజవుతుంది. ఆ గాజు రెండు రకాలుగా విడిపోయి, ఒకదాంట్లో మరొకటి కంటికి ఆనని బిందువులుగా ఉండిపోతుంది. వాటిమీద పడ్డ వెలుగులో నీలం ఎక్కువగా చెదురుతుంది, ఆకాశంలో జరిగినట్టే. పూతలో అక్కడక్కడా సన్నని వంకర గీతలుంటాయి. బురదలో వానపాము పాకిన జాడ అంటారు వాటిని చైనా రసికులు. నాకు ఆ పేరే రంగుకన్నా నచ్చింది.

"పద, ఇంకో అంతస్తు ఉంది" అంటారు మావారు. నేను అప్పటికి మోకాళ్ళమీద ఉంటాను, అడుగేమైనా కనిపిస్తుందేమోనని. కనిపించదు.

ఆ అడుగున ఏముందంటే: గోధుమ రంగు పల్చటి పూత, నీళ్ళు పోవడానికి కన్నాలు, ఒక చైనా అంకె. ఒకటి నుంచి పది వరకు. ఒకటి అన్నిటికన్నా పెద్దది, పది చిన్నది. కుండీకీ దాని కింది పళ్ళేనికీ జత కుదర్చడానికి పనికొచ్చే అంకె. అది పచ్చిమట్టిమీదే పడింది కాబట్టి అంచులు మెత్తగా, పూత గాడిలోకి దిగి ఉంటాయి.

కొన్నిటిమీద ఇంకో రాత కూడా ఉంది. అది కాల్చాక, ఎంతో కాలానికి, చింగ్ రాజుల కాలంలో గట్టి మట్టిని కోసి చెక్కింది. పదునుగా, నిటారుగా ఉంటుంది. ఏ మందిరంలో, ఏ గదిలో వాడాలో అందులో రాశారు. బీజింగ్ రాజప్రాసాదంలోని యాంగ్‌షిన్ మందిరం పేరున్నవి ఉన్నాయి. జియాన్‌ఫు ప్రాసాదంలో వెదురూ రాళ్ళూ పేర్చిన కృత్రిమ గుట్ట దగ్గర వాడాలని రాసినదీ ఉంది. ఆ ప్రాసాదపు తోట 1923లో కాలిపోయింది, మళ్ళీ కట్టారు. అంటే ఇది అందానికి దాచుకున్న వస్తువు మాత్రమే కాదు, సామాన్ల చిట్టాలో ఎక్కిన గృహోపకరణం. నాకు దీనిమీద మోజు పుట్టింది అందుకే.

ఇవి ఎప్పటివన్నది మాత్రం పెద్ద తగువు. పాతకాలపు పుస్తకాలు 12వ శతాబ్దం మొదట్లో ఏలిన సోంగ్ చక్రవర్తి హుయ్‌జోంగ్ నాటివనేవి. ఇప్పుడు చాలామంది పండితులు మింగ్ తొలి రోజులకు, 15వ శతాబ్దానికి, జరిపారు. ఇవి చక్రం మీద తిప్పినవి కావు, అచ్చులో ఒత్తినవి. ఎప్పటివో తేల్చడానికి రంగుకన్నా ఈ తయారీ తీరే నాకు ఎక్కువ నమ్మకమైన సాక్షి అనిపిస్తుంది.

కుండీ కింద చిన్న అద్దం పెడితే సరిపోయేది. అది జరిగేదాకా ఒక ఉపాయం: వెళ్ళే ముందు మ్యూజియం సైట్‌లో ఆ కుండీ పేజీ తెరిచి, అడుగు ఫొటో ఉంటే ఫోన్‌లో దాచుకోండి. అక్కడ గాజు పెట్టె ముందు నిలబడి దాన్ని పక్కనపెట్టి చూసుకోవచ్చు. మోకాళ్ళు నొప్పెట్టవు.