బెదురు గుర్రాన్ని నేల మీద మచ్చిక చేయడం: నా అనుభవం

చంద్రగిరి చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపులకు తిరిగి తిరిగి బెదురు పట్టిన ఆడగుర్రం నా చేతికొచ్చింది. చెయ్యెత్తితే తల విసిరేది. ఎక్కడో టపాకాయ పేలినా ఒళ్లంతా చెమట. ఇలాంటి గుర్రం మీద జీను వేయాలన్న ఆలోచనే ముందు పక్కన పెట్టాలి.

మొదటి పని పశువైద్యుడికి చూపించడం. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉండటం మనకు వసతి. దవడ పళ్ల అంచులు బుగ్గను కోస్తున్నా, జీను కింద వీపు నొస్తున్నా, నాడా మేకు గిట్టలో పక్కకు దిగినా గుర్రం బెదురుతుంది. నొప్పి ఉన్నంతకాలం మచ్చిక మాట లేదు. పని లేని గుర్రానికి ఉలవలు దండిగా పెట్టడమూ తప్పే, ఆ బలమంతా గంతుల్లోకి పోతుంది. నేను దాణా తగ్గించి, రోజుకు ఒంటి బరువులో నూటికి 1.5 నుంచి 2 వంతుల ఎండుమేత సరిపెట్టాను.

ఇక దగ్గరికి వెళ్లడం. గుర్రం కళ్లు పక్కలకుంటాయి. నుదుటికి సరిగ్గా ఎదుట, తోకకు సరిగ్గా వెనక ఏమున్నా దానికి కనబడదు. అందుకే భుజం వైపు ఏటవాలుగా నడవాలి. మేత నమలడం ఆపి, చెవులు బిగించి నా వైపు తిప్పిందంటే అదే హద్దు. అక్కడే ఆగాలి. కాసేపటికి తల దించుతుంది, ముక్కుతో బుస్సుమని గాలి వదులుతుంది, నాలుకతో పెదవులు తడుపుకుంటుంది. ఆ క్షణంలో వెనక్కి తిరిగి నాలుగడుగులు దూరం పోవాలి. అదే దానికి కూలి. చాలామంది చెడగొట్టేది ఇక్కడే: తల విసిరినప్పుడు భయపడి తప్పుకుంటారు. తల విసిరితే మనిషి పోతాడని గుర్రం నేర్చేసుకుంటుంది, ఆ అలవాటు మాన్పడం మహా కష్టం.

మొదట తాకాల్సింది మూతిని కాదు. జూలు ముగిసే చోట, మెడ మొదట్లో వేళ్లతో గోకాలి. గుర్రాలు ఒకదాన్నొకటి గీరుకునేదీ అక్కడే, గుండె వేగం నెమ్మదిస్తుంది. దవడ ఎముక కింద వేళ్లు పెట్టి నాడి చూస్తే నిమ్మళంగా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 కొట్టుకోవాలి.

పగ్గం బొటనవేలంత లావు నూలు తాడు, 12 అడుగులు. నైలాన్ తాడు అరచెయ్యి కోసేస్తుంది. ఏ తాడైనా చేతికి చుట్టుకోకూడదు. తాడు కొద్దిగా ఊపి ఒక్క అడుగు వెనక్కి వేయించాలి, వేసిన వెంటనే ఊపడం ఆపాలి. తర్వాత డొక్క పక్కన నిలబడి తుంటి వైపు వంగితే వెనక కాలు రెండో కాలి ముందుగా దాటుతుంది. అలా దాటేటప్పుడు గుర్రానికి ఎగరడం, పరుగు తీయడం సులువుగా కుదరదు. మనకున్న బ్రేకు ఇదొక్కటే కాబట్టి రెండు వైపులా బాగా పట్టుబడాలి.

పూటకు 15, 20 నిమిషాలు చాలు. ఎండాకాలంలో పొద్దున ఏడు లోపే ముగించాలి. స్వర్ణముఖి ఇసుక మెత్తగా ఉంది కదా అని చీలమండ లోతు దిగేచోట తిప్పితే కాలి స్నాయువులు (కండను ఎముకకు కట్టి ఉంచే పట్టీలు) దెబ్బతింటాయి.

చప్పుళ్లకు అలవాటు చేయడం అన్నిటికన్నా నిదానం. కర్రకు పాలిథిన్ కవరు కట్టి గుర్రం మీదికి తీసుకెళ్లకుండా, ముందు ఈడ్చుకుంటూ మనమే దూరం నడిస్తే అదే వెంట వస్తుంది. డప్పు అయితే, తలెత్తి చూసినా మేత మానని దూరంలో మొదలుపెట్టాలి. ఎడమ కంటికి చూపించింది కుడి కంటికి మళ్లీ చూపించాలి. కట్టేసి చెవి పక్కనే వాయిస్తే రెండు రోజుల్లో కదలకుండా నిలబడుతుందని చెప్పేవాళ్లున్నారు. నిలబడుతుంది, బిగుసుకుపోయి. తర్వాత ఎప్పుడో రోడ్డు మీద బద్దలవుతుంది.

గూటానికి కట్టడం అన్నిటికంటే చివర. పగ్గాన్ని నేరుగా గూటానికి ముడేయకుండా మధ్యలో సన్న పురికొస ఉంగరం పెట్టాలి. గుర్రం ఒక్కసారిగా వెనక్కి గుంజితే పురికొస తెగుతుంది, మెడ బెణకదు. పక్క వీధిలో డప్పు మోగినా అది తెగడం లేదంటే, అప్పుడు జీను గుడ్డ వీపు మీద వేసి చూడొచ్చు.