చలి బ్యాక్టీరియా కొవ్వు కోసం నాలుగు నెలలు

ప్రాజెక్టులో నాకిచ్చిన పని చెప్పడానికి ఒక్క ముక్క. అంటార్కిటికా మట్టిలో దొరికిన సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాను 4 డిగ్రీల దగ్గర, 22 డిగ్రీల దగ్గర పెంచి, వాటి కణత్వచంలోని కొవ్వు ఆమ్లాలను పోల్చాలి. మూడు వారాలు చాలనుకున్నాను.

చలికి నెయ్యి పేరుకుంటుంది, నువ్వుల నూనె పేరుకోదు. నూనెలో ఎక్కువగా ఉండే అసంతృప్త కొవ్వు ఆమ్లాలకు సిస్ ద్విబంధం (రెండు వైపుల గొలుసూ ఒకే పక్కకు ఉండే జంట బంధం) దగ్గర ఒక వంపు ఉంటుంది, అందుకే ఒత్తుగా సర్దుకోలేవు. చలిలో బతికే బ్యాక్టీరియా త్వచం పేరుకోకుండా ఉండేదీ ఇలాంటి కొవ్వులతోనే.

మొదటిసారి రెండు కల్చర్లనూ మర్నాడే తీసేశాను. 22 దగ్గరిది చిక్కబడి పెరగడం ఆపేసింది, 4 దగ్గరిది ఇంకా నీళ్లలాగే ఉంది. సీనియర్ అక్క చూసి నవ్వింది. "గడియారం కాదమ్మా, ఓడీ చూసి తియ్యాలి." ఓడీ అంటే కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే కొలత. పెరుగుదల దశ మారినా కొవ్వులు మారతాయట. ఇక మే నెల ఎండల్లో స్వెటర్ వేసుకుని రోజూ కోల్డ్ రూములోకి వెళ్లి ఓడీ చూడటమే పని.

కొవ్వు తీయడానికి 1959 నాటి బ్లై, డయర్ పద్ధతి: క్లోరోఫాం, మిథనాల్, నీళ్లు. అడుగున చేరిన క్లోరోఫాం పొరను తీసి, నైట్రోజన్ కింద ఆరబెట్టి, మిథైల్ ఎస్టర్లుగా మార్చి జీసీలో, అంటే వాటిని విడదీసి ఒక్కోదాన్ని ఒక్కో శిఖరంగా చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో, ఎక్కించాను. గ్రాఫులో రెండు పెద్ద శిఖరాలు! పోల్చడానికి పెట్టుకున్న తెలిసిన కొవ్వుల మిశ్రమం, అదే స్టాండర్డులో, దేనితోనూ కలవడం లేదు. కొత్త కొవ్వు కనిపెట్టేశాననుకుని ఆ రాత్రి నిద్రపోలేదు.

"ఏ ట్యూబులో తీశావు?" అంది అక్క.

"ప్లాస్టిక్‌దే అక్కా."

"బ్లాంక్ పెట్టావా?"

పెట్టలేదు. కణాలేమీ వేయకుండా మళ్లీ చేస్తే అవే రెండు శిఖరాలు. క్లోరోఫాం ప్లాస్టిక్‌లోంచి లాగిన థాలేట్లు అవి, ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే రసాయనాలు. గాజు ట్యూబులు, టెఫ్లాన్ మూతలు తెచ్చుకుని అంతా మొదటినుంచి.

ఈసారి 4 దగ్గర సంతృప్త ఆమ్లమైన పాల్మిటిక్ తగ్గి, అసంతృప్తమైన పాల్మిటోలియిక్ పెరిగింది. 22 దగ్గర దాని పక్కనే ఓ చిన్న శిఖరం ఉంటే చెత్త అని కొట్టేశాను. మళ్లీ అక్కే ఆపింది. అది పాల్మిటోలియిక్‌కే ట్రాన్స్ రూపం. సిస్‌ను ట్రాన్స్‌గా తిప్పే ఎంజైము ఈ జాతిలో ఉంది. వంపు పోయి గొలుసు నిటారుగా అయితే త్వచం బిగుస్తుంది. ఆ ఎంజైము లేకపోతే ఇలాంటి సూడోమోనాస్ ఎక్కువ వేడిలో పెరగలేదని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు 2004లోనే చూపించారు.

చలి గురించి మొదలుపెట్టి వేడి దగ్గర తేలాను. ఇప్పుడు 28 డిగ్రీల దగ్గర ఇంకో బ్యాచ్ పెట్టాను, పక్కనే బ్లాంక్ కూడా.