వెనక కాళ్ల నొప్పికి భుజాల మర్దన: నా అనుభవం

వయసు మీదపడి తుంటి కీళ్లు అరిగిన మా కుక్కకు, మందులతో పాటు ఇంట్లోనే మర్దన చేయిస్తే కొంత హాయిగా ఉంటుందని పశువైద్యుడు సూచించారు. ఎక్స్‌రేలు చూసి, జ్వరం, మానని గాయం, వెన్నులో డిస్కు సమస్య, చర్మం కింద గడ్డలు ఏవీ లేవని నిర్ధారించుకున్నాకే ఆయన కాగితం రాసిచ్చారు. ఆ కాగితం చూపనిదే మర్దన చేసే ఆవిడ రానన్నారు; ఆ పట్టింపుతోనే నాకు ఆమె మీద గురి కుదిరింది.

ఆసుపత్రి గడప తొక్కితే చాలు, మావాడు ఒళ్లంతా బిగబట్టుకుంటాడు కాబట్టి ఇంటికే రమ్మన్నాను. తిండి పెట్టి చాలాసేపయ్యాక, వాడు రోజూ పడుకునే మూలలో జారని పరుపు వేసి ఉంచాను.

ఆమె వచ్చీ రాగానే చేయి వేయకుండా, వాడిని అటూ ఇటూ నడిపించి చూశారు. తరువాత నేను అనుకున్న తుంటిని వదిలి భుజాల దగ్గర మొదలుపెట్టారు. నిలబడిన కుక్క బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుందని, వెనక నొప్పి పుడితే ఆ భారం ఇంకా పెరుగుతుందని, పైగా మనకున్నట్లు మెడ కింది ఎముక ఆసరా లేక ముందు కాళ్లు కండరాల బలంతోనే మొండేన్ని మోస్తాయని వివరించారు. నిజమే, నొప్పి ఒకచోట, చాకిరీ మరొకచోట!

అరచేయి చదునుగా ఆనించి వెంట్రుకల వాలున నిమురుతూ పోతుండగా, భుజపుటెముక వెనక ఒకచోట చర్మం గబుక్కున అదిరింది. మావాడు మూలగలేదు గానీ, పెదవులు నాక్కుంటూ, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఆమె చేతిని ఓరగా చూశాడు. ఆమె వెంటనే చేయి తీసేశారు. వాడు లేచి వెళ్లి నీళ్లు తాగి, తనంతట తాను వచ్చి పడుకునేదాకా పిలవనైనా లేదు. పట్టి పడుకోబెట్టి చేసే మర్దన మేలు చేయదన్నది ఆమె అభిప్రాయం, ఇప్పుడు నాదీ అదే.

అరిగిన కీలు మర్దనతో తిరిగి రాదు. మందులు యథాప్రకారం సాగుతున్నాయి. కొన్నాళ్లకు నిద్ర లేచాక ఒళ్లు విరుచుకోవడం, మెట్టు ముందు తటపటాయించకపోవడం మాత్రం గమనించాను. నిమరడం నాకూ నేర్పారు గానీ, కీళ్లను వంచి చాచే పని మాత్రం తానే చేస్తానన్నారు.