గోధుమ అప్పానికి దూరమై

రెండేళ్లపాటు నా రక్తహీనతకు కారణం ఎవరికీ అంతుపట్టలేదు. నెలల తరబడి ఇనుము మాత్రలు మింగినా హీమోగ్లోబిన్ 8 దగ్గరే ఆగిపోయేది; తిన్నది ఒంటికి పట్టక, కడుపుబ్బరంతో, నోటిపూతతో, నాలుగు మెట్లెక్కితే ఆయాసంతో రోజులు గడిచేవి. దేవాలయానికి వెళ్లే ఓపిక లేని వారాల్లో మా కథోలిక విచారణ (పారిష్) గురువులు, మా ఫాదర్‌గారు, ఇంటికే దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా పవిత్రీకరించిన గోధుమ అప్పం, తెచ్చేవారు. స్వీకరణకు ముందు గంటసేపు పాటించే ఉపవాసం రోగులకూ, వారిని కనిపెట్టుకుని ఉండేవారికీ తప్పనిసరి కాదని ఆయన చెప్పినా అమ్మ వినేది కాదు. నేను మాత్రం దిండుకు ఆనుకుని కూర్చుని, ఆ పలుచని అప్పాన్ని నాలుక మీద అందుకుని, ఆ రోజుకు నాకు దొరికిన బలం అదేనని అనుకునేదాన్ని.

చివరకు ఒక డాక్టరు రక్తంలో ప్రతిరక్షకాల (యాంటీబాడీల) పరీక్ష చేయించి, ఎండోస్కోపీలో చిన్నపేగు మొదటి భాగం నుంచి తీసిన ముక్కలను పరీక్షకు పంపి, ఇది సీలియాక్ వ్యాధి అని తేల్చారు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు లోపలికి వెళితే, ఈ వ్యాధి ఉన్నవారిలో శరీర రక్షణ వ్యవస్థ తన పేగునే గాయపరుస్తుంది. పోషకాలను పీల్చుకోవలసిన ఆంత్రచూషకాలు, అంటే పేగు లోపలి గోడ మీది సన్నని వేళ్లలాంటి మొనలు, అరిగి చదునైపోతాయి. గ్లూటెన్‌ను జీవితాంతం మానడమే చికిత్స. డచ్ పిల్లల వైద్యుడు విల్లెం డికె ఈ సంబంధాన్ని గుర్తించాడనీ, నెదర్లాండ్స్‌లో 1944-45 శీతాకాలపు కరవులో రొట్టె కరువై ఆ రోగపు పిల్లలు కోలుకోవడం ఆయన అనుమానాన్ని బలపరిచిందనీ తరువాత చదివాను. నానాటి అప్పం కోసం రోజూ పరలోక జపం చెప్పే నాకు, రొట్టె దొరకక బాగుపడిన ఆ పిల్లల సంగతి చాలా రోజులు మనసులో మెదిలింది.

వంటింట్లో గోధుమ మానడం పెద్ద పని కాలేదు. చిక్కంతా పీఠం దగ్గర వచ్చింది. దివ్యబలిపూజలో (మాస్‌లో) వాడే అప్పం గోధుమతోనే చేయాలని శ్రీసభ, అంటే కథోలిక సంఘం, చట్టం. బియ్యంతోనో జొన్నతోనో చేసింది చెల్లదు. గ్లూటెన్‌ను పూర్తిగా తీసేసిన అప్పమూ చెల్లదు. ఈ మాట విని అమ్మ, "ప్రభువు శరీరం బిడ్డకు కీడు చేస్తుందా? నీకే విశ్వాసం తగ్గింది" అంది. కోపంతో అన్న మాట కాదు అది, భయంతో అన్నది. ఆమె మాటే నిజమేమోనన్న జంకుతో డాక్టరు వద్దన్నాక కూడా రెండు ఆదివారాలు అప్పం స్వీకరించాను. కడుపులో నొప్పి గోధుమ వల్ల వచ్చిందో, భయం వల్ల వచ్చిందో చెప్పలేను గాని ఆ రెండు రాత్రులూ నిద్ర లేదు.

అమ్మ ప్రశ్ననే ఫాదర్‌గారి ముందు పెట్టాను. ఆయన నన్ను మందలించలేదు, అమ్మనూ తప్పుపట్టలేదు. అప్పం క్రీస్తు శరీరంగా మారుతుందని 1551లో ట్రెంటులో జరిగిన శ్రీసభ మహాసభ చెప్పిన మార్పు అప్పం సారంలో జరిగేదనీ, రూపం, రుచి, బరువు, ఒంట్లో అది చేసే పని మునుపటిలాగే నిలుస్తాయనీ వివరించారు. పదమూడో శతాబ్దంలోనే వేదాంతి పునీత తోమాసు అక్వినాసు ఈ సంగతిని చర్చించి, పవిత్రీకరించిన అప్పద్రాక్షారసాల రూపాలు కూడా ఆకలి తీర్చగలవని రాశారట. ఆకలి తీర్చగల గుణం మిగిలి ఉన్నప్పుడు, జబ్బుపడ్డ పేగును నొప్పించే గుణం మాత్రం ఎక్కడికి పోతుంది? "నీ పేగు కాదనేది గోధుమ గుణాన్నే గాని ప్రభువును కాదమ్మా" అన్నారాయన. ఇన్నేళ్లుగా దివ్యసత్ప్రసాదాన్ని నేను మందుబిళ్లలాగా చూస్తున్నానని ఆ మాటతో తెలిసివచ్చింది. దీన్ని అమరత్వపు ఔషధమని రెండో శతాబ్దపు తొలినాళ్లలోనే అంతియొకయ పీఠాధిపతి (బిషప్) ఇగ్నేషియస్ పిలిచారు నిజమే. అయితే ఆ పేరులో మరణాన్ని దాటే జీవం గురించిన మాట ఉంది గాని, హీమోగ్లోబిన్ గురించిన మాట లేదు.

నాకు దారి పూజలో ద్రాక్షారసం ఉంచే పానపాత్ర ద్వారా దొరికింది. గ్లూటెన్ బాగా తగ్గించిన అప్పాన్ని వాడవచ్చనీ, అదీ పడని సీలియాక్ రోగి ద్రాక్షారసం మాత్రమే స్వీకరించవచ్చనీ 2003లో రోము నుంచి వెలువడిన లేఖ స్పష్టం చేసింది. నా పేగు పరిస్థితి చూసి డాక్టరు మొదటిదానికి ఒప్పుకోలేదు. ఇందులో ఒక విచిత్రం ఉంది. అప్పం, ద్రాక్షారసం అనే రెండింటిలో ఏ ఒక్క రూపంలోనైనా క్రీస్తు పూర్తిగా ఉన్నాడన్న బోధన ఆధారంగానే 1415లో కాన్‌స్టెన్స్ మహాసభ సామాన్య విశ్వాసులకు అప్పం చాలునని, పాత్ర అక్కరలేదని నిర్ణయించింది. బొహీమియాలో (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) పాత్ర కోసం పెద్ద పోరాటమే నడిచింది. ఒకనాడు పాత్రను ప్రజలకు దూరం చేసిన అదే బోధన ఆరు వందల ఏళ్ల తరువాత నా చేతికి పాత్రను మాత్రమే ఇచ్చింది.

అయినా ఆరు నెలల తరువాత చేసిన పరీక్షలో ప్రతిరక్షకాలు ఆశించినంత తగ్గలేదు. తినేవాటన్నిటినీ వెతికి చూసి విసిగిపోయాక అసలు సంగతి తట్టింది: దివ్యబలిపూజలో గురువు అప్పాన్ని విరిచి ఒక చిన్న తునకను పానపాత్రలో వేస్తారు, నేను తాగుతున్నది ఆ పాత్రనుంచే. ఎన్నో వందల సార్లు కళ్లారా చూసిన క్రియ అది, ఒక్కసారీ ఆలోచించలేదు. ఫాదర్‌గారు నొచ్చుకున్నారు. వేరే పాత్ర సిద్ధం చేసేవరకు కొన్ని వారాలు నేను వరుసలోకి వెళ్లకుండా నేను కూర్చునే బల్ల దగ్గరే మోకరించి, పునీత అల్ఫోన్సస్ లిగోరి నేర్పిన పద్ధతిలో, ఇప్పుడు నిన్ను దివ్యసత్ప్రసాదంగా స్వీకరించలేను గనుక ఆత్మలోనైనా రమ్మని ప్రభువును వేడుకునేదాన్ని. అలవాటుగా అందుకున్న ఏళ్లన్నిటికన్నా, అందుకోలేకపోయిన ఆ వారాల్లోనే నాకు ఆకలి అంటే ఏమిటో తెలిసింది. మా చుట్టుపక్కల గురువు రాక నెలకొకసారైనా పూజ దొరకనివారి గురించి నేను అంతకు ముందు జాలిపడ్డానే గాని, వారితో కలిసి ఆకలిగొనలేదు.

తునక వేయని చిన్న పాత్ర ఒకటి ఇప్పుడు పీఠం మీద పక్కగా ఉంటుంది. అందరికన్నా ముందు నేను వెళతాను. "క్రీస్తు రక్తం" అంటారు, "ఆమెన్" అంటాను. ఏడాది తిరిగేసరికి హీమోగ్లోబిన్ 12 దాటింది, ప్రతిరక్షకాలు మామూలు స్థాయికి దిగాయి, నోటిపూత మళ్లీ రాలేదు. అడగడానికి మొహమాటపడే స్వభావం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. కొత్త దేవాలయానికి వెళితే పూజకు ముందే గురువును కలిసి ఇదంతా మొదటినుంచి చెప్పుకోవాలి.

మా దేవాలయంలో ఆ అవసరం లేదు. పూజకు పావుగంట ముందే అమ్మ పీఠం పక్క గదికి వెళ్లి, చిన్న పాత్ర పెట్టారో లేదో చూసి వచ్చి నా పక్కన కూర్చుంటుంది. "పెట్టారు" అని మెల్లగా చెప్పి జపమాల తీస్తుంది.