రెండుసార్లు వాలిపోయిన నా ఫాంట్

మూడు రోజుల తలనొప్పి ఇవాళ మధ్యాహ్నానికి తీరింది, ఒళ్లు మంట ఇంకా తగ్గకముందే రాసేస్తున్నా.

ఒక స్పోర్ట్స్ బ్రాండ్ కోసం లావుగా, కుడివైపుకి వాలి, పరుగు మీదున్నట్టు కనిపించే డిస్‌ప్లే ఫాంట్ (హెడ్డింగుల్లాంటి పెద్ద సైజు రాతల కోసం) చేశాను. ఇంగ్లిష్ పెద్దక్షరాలు, అంకెలు, అంతే. గొప్ప కోసం కాదు గానీ, నిటారు అక్షరాల్ని 12 డిగ్రీలు వంచేసి ఇదే ఇటాలిక్ అనే బాపతు కాదు నేను. అలా వంచితే O అక్షరం కుడివైపు పైన, ఎడమవైపు కింద ఉబ్బుతుంది, మిగతా రెండు మూలలు పీక్కుపోతాయి. A అక్షరానికి ఎడమ కాలు సన్నబడి కుడి కాలు లావెక్కుతుంది. అవన్నీ చేత్తో సరిచేశాను, ఒక్క ఎస్‌కే రోజంతా పట్టింది. కెర్నింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం సర్దడం, ఒక పూటలో అయిపోయింది.

ఫైల్ పంపిన మర్నాడే క్లయింటు ఫోన్. "ఏంటండీ, మీ అక్షరాలు బోర్లా పడిపోతున్నాయి?" సైట్ తెరిచి చూస్తే నిజమే. హెడ్డింగులు దాదాపు 25 డిగ్రీలు ఒరిగిపోయి, ఇంకా లావెక్కి, బి, ఆర్ పొట్టల్లోని ఖాళీలు పూడుకుపోయి ఉన్నాయి. నా కంప్యూటర్లో మాత్రం శుభ్రంగా ఉంది! రెండు రాత్రులు అక్షరాల గీతల మీది పాయింట్లు జరుపుతూ కూర్చున్నా. చివరికి వెబ్ డెవలపర్ మీద అనుమానం వచ్చింది, ఆయన మొదటి నుంచీ నా మెయిళ్లకి ఒక్క ముక్కలో జవాబిచ్చే రకం. టైపోగ్రఫీ తెలియని చేతుల్లో పెడితే ఇంతే అని, అందర్నీ కాపీలో పెట్టి మరీ పెద్ద మెయిల్ కొట్టాను.

సాయంత్రం మీటింగ్‌లో క్లయింటు స్లైడ్స్ తెరిచారు. అక్కడా అదే అవతారం. సైట్ లేదు, డెవలపర్ చెయ్యి పడలేదు. "మీరే బోల్డ్ ఇటాలిక్ అన్నారుగా, బి, ఐ బటన్లు నొక్కాను" అన్నారావిడ. అప్పుడు డెవలపర్ స్క్రీన్ షేర్ చేసి, ఫాంట్‌ని సైట్‌లో పెట్టడానికి ఆయనకి నేనే పంపిన కోడ్ చూపించాడు. వెయిట్ (లావు) నార్మల్, స్టైల్ (వాలు) నార్మల్. ఫైల్‌లో కూడా స్టైల్‌ని రెగ్యులర్ అనే వదిలేశాను. దాంతో ఇది మామూలు నిటారు ఫాంటే అనుకుని, బోల్డ్ ఇటాలిక్ అడిగిన ప్రతిచోటా సాఫ్ట్‌వేరే లావు చేసి వంచేసింది. నా 12 డిగ్రీల మీద బ్రౌజర్ ఇంకో 14 వేసింది. చేత్తో సరిచేసిన O మళ్లీ ఉబ్బింది. ఏడుగురి ముందు మైక్ మ్యూట్‌లో పెట్టుకుని కూర్చున్నా.

సరిచేయడం పది నిమిషాల పని. ఫైల్‌లో బోల్డ్, ఇటాలిక్ టిక్కులు పెట్టి, కోణం మైనస్ 12 అని ఇచ్చి (కుడికి వాలితే మైనస్సట, ఈ లెక్క ఎవరు పెట్టారో), కోడ్‌లో కూడా ఆ రెండూ మార్చాను. మీరెవరైనా వాలు ఫాంట్ చేస్తే, పంపేముందు స్లైడ్స్‌లో పెట్టి బి, ఐ రెండూ నొక్కి చూడండి. డెవలపర్‌ని మాత్రం నమ్ముకోకండి, తెలిసి కూడా ఆయన మీటింగ్ దాకా నోరు విప్పలేదు కదా.

క్షమాపణ మెయిల్ పంపాను, కాపీలో ఎవర్నీ పెట్టకుండా. "ఓకే" అని వచ్చింది.