జపాన్‌లో తొలి ఏడాది: లోకల్ రైళ్లు, పులిహోర డబ్బా

జపాన్‌కు చదువుకోడానికి బయల్దేరే మన కాలేజీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ గది అద్దె గురించి అడుగుతారు, పార్ట్‌టైం పని గురించి అడుగుతారు. తిరగడం గురించి అడిగేవాళ్లు తక్కువ. స్కాలర్‌షిప్ డబ్బుతో ఊళ్లు చూడటం అయ్యే పని కాదనుకుంటారు. రైలు నియమాలు తెలిస్తే బాగానే అవుతుంది. నాకు ఆ దేశం అర్థమైంది లోకల్ రైళ్లలోనే కాబట్టి, ఈ సంచికలో నా వంతు ఆ సంగతే రాస్తున్నాను.

ముందు కాగితాలు. పెద్ద విమానాశ్రయాల్లో దిగగానే రెసిడెన్స్ కార్డు చేతికిస్తారు. పార్ట్‌టైం అనుమతికి అక్కడే దరఖాస్తు ఇచ్చేయండి. వారానికి 28 గంటలే హద్దు. గదిలో దిగిన 14 రోజుల్లోగా వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేయించి, అదే రోజు ఆరోగ్య బీమాలో కూడా చేరితే ఆసుపత్రి బిల్లులో మీ వాటా 30 శాతమే.

ఇక టికెట్లు. అందరూ చెప్పే జపాన్ రైల్ పాస్ పర్యాటకుల కోసం, స్టూడెంట్ వీసా వాళ్లకు ఇవ్వరు. మిమ్మల్ని చూడటానికి అమ్మానాన్నలు వస్తే వాళ్లకు కొనొచ్చు. మనకున్నది 'గకువారి' అనే విద్యార్థి రాయితీ. జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లలో ఒకవైపు దూరం 100 కిలోమీటర్లు దాటితే మూల ఛార్జీలో 20 శాతం తగ్గుతుంది. యూనివర్సిటీ ఇచ్చే సర్టిఫికెట్‌ను టికెట్ కౌంటర్లో ఇవ్వాలి, ప్రయాణంలో ఐడీ కార్డు దగ్గరుండాలి. షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కితే అదనంగా పడే ఎక్స్‌ప్రెస్ రుసుములో మాత్రం పైసా తగ్గదు.

కొత్తవాళ్లు తప్పకుండా చిక్కుకునేది, ముందుగా డబ్బు నింపుకుని గేటుకు తాకించే సుయికా కార్డుతో. టోక్యోలో కార్డు తాకించి లోకల్ రైలెక్కి, ఆతామి దాటి నుమాజులో దిగారనుకోండి, గేటు తెరుచుకోదు. నుమాజులోనూ సుయికా చెల్లుతుంది, కానీ ఆతామి దగ్గర రైళ్లు నడిపే జేఆర్ కంపెనీ మారుతుంది. ఒక ప్రాంతంలో ఎక్కి ఇంకో ప్రాంతంలో దిగడానికి కార్డు పనికిరాదు. అప్పుడు ఛార్జీ నగదుగా కట్టాలి, కార్డులో మిగిలిన 'ఎక్కిన గుర్తు'ను తర్వాత సుయికా స్టేషన్‌లో తీయించుకోవాలి. దూరం వెళ్లేటప్పుడు కాగితం టికెట్టే కొనండి.

సెలవుల్లో అసలైన వరం సెయిషున్ 18 టికెట్. పేరులో 18 ఉన్నా వయసుతో పని లేదు. జేఆర్ లోకల్, రాపిడ్ రైళ్లలో ఎంతైనా తిరగొచ్చు, మూడు రోజులకు 10,000 యెన్లు, ఐదు రోజులకు 12,050. 2024 శీతాకాలం నుంచి రోజులు వరసగానే వాడాలి, ఒక్కరే వాడాలి. ఒకే టికెట్‌ను నలుగురు పంచుకున్నామని సీనియర్లు చెప్పేది పాత నియమం. టోక్యో నుంచి క్యోటోకు మామూలు ఛార్జీయే ఎనిమిది వేలు దాటుతుంది. ఈ టికెట్‌తో అయితే తొమ్మిది గంటలు పడుతుంది, దారిలో నాలుగైదుసార్లు రైలు మారాలి. ఓగాకి స్టేషన్‌లో జాగ్రత్త. వచ్చిన రైలు కంటే ఎక్కబోయే రైలుకు పెట్టెలు తక్కువ, అందుకే తలుపు తెరవగానే జనం మెట్ల వైపు పరుగెత్తుతారు. ముందే మెట్లకు దగ్గరి పెట్టెలోకి మారి కూర్చుంటే సీటు దొరుకుతుంది.

దారిలో తిండి శాకాహారులకు కష్టం. కూరగాయల సూప్‌లో కూడా ఎండబెట్టిన చేప కాచిన నీళ్లుంటాయి. పులిహోర కట్టుకెళ్లడమే మేలు. అయితే జపాన్ బియ్యం పొట్టిగింజ, జిగురెక్కువ. కుక్కర్ గీత కంటే కాస్త తక్కువ నీళ్లు పోసి, అన్నం పళ్లెంలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే చింతపండు పులుసు కలపండి. వేడిమీద కలిపితే ముద్దవుతుంది. టోక్యోలో ఉంటే షిన్-ఓకుబో కొట్లలో చింతపండు, కందిపప్పు దొరుకుతాయి.

మొదటి కొండగా తకావో చాలు. ఎత్తు 599 మీటర్లు, షింజుకు నుంచి కెయియో రైల్లో గంటలోపే. వాన పడిన మర్నాడు వాగు వెంట పోయే ఆరో దారి పట్టకండి, రాళ్లు జారతాయి; ఒకటో దారి చాలామటుకు సిమెంటు బాట.

ఫుజి సంగతి వేరు. 3,776 మీటర్లు. ఎక్కే దారుల్లో ఒకటైన యోషిదా దారి జులై మొదటి నుంచి సెప్టెంబరు 10 వరకే, రుసుము 4,000 యెన్లు. కొండ మీది బస గుడిసెలో పడక బుక్ చేసుకోనివాళ్లను మధ్యాహ్నం రెండు నుంచి తెల్లవారుజామున మూడు వరకు గేటు దాటనివ్వరు. రాత్రంతా నిద్రలేకుండా ఎక్కేవాళ్లు తలనొప్పి, వాంతులతో కూలబడటం వల్లే ఈ కట్టడి. బస్సు దిగే చోటే 2,300 మీటర్ల ఎత్తు. అక్కడ గంటసేపు ఆగి ఒంటిని పలచటి గాలికి అలవాటు పడనివ్వండి. ఆగస్టులో కూడా శిఖరం మీద తెల్లవారుజామున గడ్డకట్టే చలి. నూలు చొక్కా చెమటకు తడిస్తే ఆరదు, వేసుకోవద్దు. టాయిలెట్లకు 100 యెన్ల నాణేలు ఉంచుకోండి. చెత్తబుట్టలుండవు, మీ చెత్త మీరే కిందికి తేవాలి.