కెన్సల్ గ్రీన్ నుంచి మైల్ ఎండ్ దాకా: లండన్ సమాధుల తోటల్లో ఒక రోజు

మన కోస్తా ఊళ్లలో క్రైస్తవుల శ్మశానాన్ని సమాధుల తోట అంటారు. లండన్‌కి ఆ మాట అతికింది 1833 నుంచే. అంతకుముందు అక్కడున్నవి తోటలు కావు, చర్చిల పక్కన కిక్కిరిసిన దిబ్బలు. ఆ తేడా తెలియాలంటే ముందు ఓల్డ్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి బన్‌హిల్ ఫీల్డ్స్ చూడాలి. మేమూ అక్కడి నుంచే మొదలుపెట్టాం.

బన్‌హిల్ మొత్తం నాలుగెకరాలు. 1665 నుంచి 1854 దాకా అందులో పూడ్చింది సుమారు 1,23,000 మందిని. అంటే ఎకరానికి ముప్పై వేలు! రాళ్లు భుజం భుజం రాసుకుంటూ కటకటాల వెనక నిలబడి ఉంటాయి. ఇంగ్లిష్ రచయితలు బన్యన్, డిఫో, బ్లేక్‌ల గుర్తులు చూసుకోవడానికి అరగంట చాలు.

1801లో పది లక్షలున్న లండన్ జనాభా 1851కి ఇరవై మూడు లక్షలు దాటింది. చర్చి ఆవరణలు మాత్రం అంగుళం పెరగలేదు. పాత శవం మట్టిలో కలవకముందే అదే చోట మళ్లీ తవ్వేవారు. స్ట్రాండ్ దగ్గర ఈనన్ చాపెల్‌లో అయితే నేలమాళిగ నిండా వేల శవాలు కుక్కి, పైన చెక్క నేల మీద ప్రార్థనలు జరిపారు. 1831-32లో కలరా వచ్చింది. కుళ్లు వాసనే రోగం తెస్తుందని అప్పటి నమ్మకం. కారణం తప్పే, కానీ దాని వల్ల చేసిన పని మంచిదే: పార్లమెంటు 1832లో చట్టం చేసి, ఊరి బయట శ్మశానం పెట్టుకోవడానికి ఒక కంపెనీకి అనుమతిచ్చింది. 1841కల్లా లండన్ చుట్టూ ఇలాంటివి ఏడు వెలిశాయి. అన్నీ వాటాదార్లు లాభం కోసం పెట్టినవే. రాబడి పోయిందని గోల చేసిన చర్చి గురువులకు ఒక్కో ఖననానికి ఇంత అని పరిహారం కూడా కట్టించారు.

ఆ ఏడింటిలో మొదటిది, 1833లో తెరిచింది కెన్సల్ గ్రీన్. బన్‌హిల్ దగ్గర్లోని మూర్‌గేట్ స్టేషన్ నుంచి బేకర్ స్ట్రీట్ వెళ్లి, బేకర్లూ లైన్ మెట్రో పట్టుకోవాలి. సగం బళ్లు క్వీన్స్ పార్క్‌లోనే ఆగిపోతాయి, మనం దిగాల్సింది దాని తర్వాతి స్టేషన్‌లో. బోర్డు చూసుకుని ఎక్కండి. ప్రవేశం ఉచితం. 72 ఎకరాలు, దక్షిణం వైపు కాలువ. మొదట్లో 39 ఎకరాలు ఆంగ్లికన్లకూ (ఇంగ్లండు అధికారిక చర్చి వాళ్లకూ), 15 ఎకరాలు మిగతా శాఖల వాళ్లకూ విడదీశారు. తొలి ఏళ్లలో గిరాకీ అంతంతమాత్రం. 1843లో మూడో జార్జి రాజుగారి కొడుకు ససెక్స్ డ్యూక్‌ని, రాజకుటుంబీకులను పూడ్చే విండ్సర్‌లో కాక ఇక్కడ పూడ్చాక ఈ చోటు ఒక్కసారిగా గొప్పింటి వాళ్ల చిరునామా అయిపోయింది. చర్చి నేల కింద శవపేటికలు పెట్టే గదులు, పేటికను కిందికి దించడానికి నీటి ఒత్తిడితో పనిచేసే లిఫ్టు ఉన్నాయి. ఆ గదుల్లో పెట్టే పేటికకు సీసం పొర తప్పనిసరి.

సి.పి. బ్రౌన్ సమాధి ఇక్కడే ఉంది. పేరు పట్టుకుని వెతికితే రోజంతా తిరిగినా దొరకదు. ఇక్కడ ప్రతి సమాధికీ మూడు గుర్తులుంటాయి: సమాధి నంబరు, చదరం నంబరు, వరస. ఆఫీసులో చనిపోయిన తేదీ చెప్పి (బ్రౌన్‌కి 1884 డిసెంబర్ 12) అవి ముందే రాయించుకోవాలి. పటంలో చదరం పట్టుకుని, ఆ తర్వాత వరస లెక్కపెట్టుకుంటూ వెళ్లాలి. వరస స్థానంలో ఆర్.ఎస్. అని ఉంటే రోడ్డు పక్కది, పి.ఎస్. అంటే బాట పక్కది. లోపలి వరసల్లో ముళ్లపొదలుంటాయి. చెప్పులతో పోకండి.

పాలరాతి మీద సీసం అక్షరాలు చాలాచోట్ల ఊడిపోయి ఉంటాయి. అయినా చదవొచ్చు. సీసం పట్టుకోవడానికి ఒక్కో అక్షరం గాడిలో చిన్న చిన్న రంధ్రాలు తొలిచేవారు. టార్చిని రాతికి ఆనించి పక్క నుంచి వెలుగు వేస్తే ఆ చుక్కల వరసలే అక్షరాలుగా తేలతాయి. తీగ బ్రష్షుతో మాత్రం రుద్దొద్దు. బొగ్గు పొగ ఆమ్లం తిన్న పాలరాయి పంచదారలా రాలిపోతుంది. ఒరిగిన రాళ్ల మీద చెయ్యి వెయ్యొద్దు. అక్కడిది బంకమట్టి, ఎండకి కుంచించుకుని వానకి ఉబ్బుతుంది. దానికి తోడు లోపల పేటిక మూత కుంగినప్పుడు పైమట్టి దిగుతుంది. పూడ్చిన వెంటనే బరువు రాయి నిలబెట్టకుండా నెలల తరబడి ఆగేది అందుకే.

రవీంద్రుడి తాత ద్వారకానాథ్ ఠాగూర్ కూడా ఇక్కడే ఉన్నాడు. హిందువుని పూడ్చడమేమిటని అనిపిస్తుంది. ఆయన పోయింది 1846లో. ఇంగ్లండులో దహనవాటికలో తొలి దహనం 1885 మార్చిలో, వోకింగ్‌లో. బ్రౌన్ పోయిన మూడు నెలలకి.

ఈ కంపెనీలు దెబ్బతిన్నది లెక్కల దగ్గరే. స్థలం శాశ్వత హక్కుతో ఒకేసారి అమ్మేశారు. గడ్డి మాత్రం ఏటా పెరుగుతూనే ఉంటుంది. అమ్మడానికి స్థలం, జేబులో డబ్బు రెండూ అయిపోయాక గేట్లకు తాళం పడింది. ఆ ఏడింటిలోదే అయిన నన్‌హెడ్ 1969లో మూతపడింది. దాన్ని స్థానిక కౌన్సిల్ ఒక్క పౌనుకి తీసుకుంది.

సాయంత్రం మైల్ ఎండ్‌లో దిగి టవర్ హామ్లెట్స్ శ్మశానానికి వెళ్లాం. 1841లో మొదలై 1966లో ఆగిన చోటు. 27 ఎకరాల్లో సుమారు మూడున్నర లక్షల మంది. ఇప్పుడది అడవే, పక్షులూ నక్కలూ ఉంటాయి. ఇక్కడ ఎక్కువమంది సొంత స్థలం కొనలేని ఈస్ట్ ఎండ్ (తూర్పు లండన్) పేదలు. వాళ్లని వేసింది 'పబ్లిక్ గ్రేవ్' అనే లోతైన గుంటల్లో. ఒకరికొకరు ఏమీ కాని వాళ్ల పేటికలు ఒకదాని మీద ఒకటి పేర్చి, గుంట నిండాకే పైదాకా పూడ్చేవారు. రాయి పెట్టుకునే హక్కు స్థలం కొన్నవాళ్లదే. అందుకే రాళ్లు లేని ఖాళీ చూసి ఇక్కడెవరూ లేరనుకోకండి. ఎక్కువ మంది ఉన్నది ఆ ఖాళీల కిందే.